60 రోజుల గడువుగారికి ఒక పాలసీదారుడి ఉత్తరం

మహారాజశ్రీ 60 రోజుల గడువుగారికి,

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అయ్యే ఖర్చులు ఎన్నాళ్ళ వరకు ఇవ్వాలో ఆరోగ్య బీమాలో తేల్చే మీకు, బెంగళూరు, మారతహళ్ళి నుంచి మీ పాలసీదారుడు రాయునది. ఇక్కడ నేను క్షేమం. పోయిన పరీక్షలో డాక్టరుగారు అలాగే అన్నారు. ఆ పరీక్ష బిల్లు గురించే ఈ ఉత్తరం.

మూత్రనాళం సన్నబడిందని నాకు ఆపరేషన్ చేశారు కదా. బుగ్గ లోపలి పొర కాస్త కోసి అక్కడ అతికించారు. (ఆ రోజుల్లో గోంగూర పచ్చడిని వాసన చూసి ఊరుకున్నాను.) లక్షల్లో బిల్లు. మీరు మారుమాట లేకుండా కట్టించారు. మూడు వారాలకి క్యాథెటర్ (మూత్రం పోయే గొట్టం) తీసేటప్పుడు డై ఎక్స్‌రే (మందు ఎక్కించి నాళాన్ని చూసేది) తీశారు, అదీ కట్టించారు. అంతవరకూ మీరు బంగారం.

చిక్కు ఆ తర్వాతే. అతికించిన చోట మళ్ళీ మచ్చకట్టి సన్నబడొచ్చు. ఆర్నెల్లకి రావచ్చు, ఏళ్ళు గడిచాకా రావచ్చు. అందుకని డాక్టరుగారు మూడు నెలలకి, ఆర్నెల్లకి, ఏడాదికి, ఆపైన ఏటా యూరోఫ్లో, అంటే మూత్రధార వేగం కొలిచే పరీక్ష, చేయించుకోమన్నారు. మీరేమో డిశ్చార్జి అయిన 60వ రోజుకే బోర్డు తిప్పేశారు. మొదటి పరీక్షకే అందలేదు! మీ కంపెనీ ఒక్కటే కాదులెండి, చాలా కంపెనీలు ఒకే షరతులతో అమ్మే, 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలోనూ అంతే: ఆస్పత్రిలో చేరకముందు 30 రోజుల ఖర్చులు, ఇంటికొచ్చాక 60 రోజులవి. ఏ పంచాంగం చూసి పెట్టారో గానీ, నా మూత్రనాళానికి మాత్రం కబురు అందలేదు.

యూరోఫ్లో మీరు చూసి ఉండరు, చెబుతాను. చిన్న గది, ఒక గరాటు, దాని కింద కొలజాడీ, అడుగున సెన్సర్. నీళ్ళు బాగా తాగి, ఇక ఆగలేననుకున్నప్పుడు అందులో ఒంటికి వెళ్ళాలి. పక్కన మెషీన్ కాగితం మీద గీత గీస్తుంది. ధార బాగుంటే గంట ఆకారంలో లేచి దిగుతుంది, అడ్డముంటే బల్లపరుపుగా సాగుతుంది. సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే డాక్టరుగారి మొహం విప్పారుతుంది. మొత్తం 150 మిల్లీలీటర్లైనా రాకపోతే ఆ గీతని నమ్మరు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ బెంచీ. తలుపవతల టెక్నీషియన్ "ఆయ్తా సార్?" అని అరుస్తుంటే ఎవరికి వస్తుంది చెప్పండి! పోనీ ఇంట్లోనే తాగి బయల్దేరదామంటే మధ్యలో ట్రాఫిక్ కదలని సిల్క్ బోర్డ్ సిగ్నల్ ఉంది. ఆ సంగతి ఉత్తరాల్లో రాసేది కాదు.

యూరోఫ్లోకి వందల్లోనే అవుతుంది. దానికి తోడు మిగులు మూత్రం చూసే స్కానింగ్, డాక్టరు ఫీజు, సగం రోజు సెలవు. గీతలో అనుమానం వస్తే డై ఎక్స్‌రే, లేదా కెమెరా పెట్టి చూడటం, వేలల్లోకి. పైగా నాళం బాగా ఇరుకైతే గానీ ధార తగ్గదట, కాబట్టి గీత బాగున్నా టెన్షన్ తప్పదు. ఇదంతా మీ భాషలో ఓపీడీ, ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం, అంటే నా జేబు.

డబ్బుల్లేక ఈ పరీక్షలు మానేశాననుకోండి. అది మూసుకుపోతుంది, నేను ఆస్పత్రిలో చేరతాను, మళ్ళీ లక్షల బిల్లు, మళ్ళీ కట్టేది మీ కంపెనీయే! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే పెద్దలు చెప్పగా వినడమే, ఇప్పుడు చూస్తున్నాను.

పోనీ ఒక రోజు బెడ్ తీసుకుని ఆ గరాటులోనే పోస్తే ఇస్తారా అని మా ఏజెంటుని అడిగాను. "పరీక్షల కోసమే చేరితే ఇవ్వరన్నా, ఎక్స్‌క్లూజన్ జీరో ఫోర్" అన్నాడు. బీమా ఇవ్వని ఖర్చుల జాబితాలోని ఆ నంబరుగారికి విడిగా రాసుకుంటాను.

ఇట్లు,
ప్రీమియం గడువు ఒక్కసారీ దాటనివ్వని
మీ పాలసీదారుడు