నలభై ఎనిమిది అంకెల ఆదివారం

మా బంధువర్గంలో కంప్యూటర్ శాఖ నాది. ఎప్పుడో అక్క ఫోనులో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడుతుంటే సరిచేసిన పాపానికి, ఎవరింట్లో వైఫై మొరాయించినా కబురు నాకే వస్తుంది. మేనకోడలు డిగ్రీలో జర్నలిజం తీసుకుని, వీడియో ఎడిటింగ్‌కు లాప్‌టాప్ కావాలన్నప్పుడు అక్క నన్ను అడగను కూడా అడగలేదు. 55,000 రూపాయలు నా ఖాతాలో వేసి, ఆ తర్వాత ఫోను చేసి చెప్పింది.

ఆ డబ్బుకు అన్నీ ఉన్న లాప్‌టాప్ రాదు. ఏది వదులుకోవాలన్నదే మన చేతిలో ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీ మెట్లు ఎక్కి దిగగా నాకు అర్థమైంది ఏమిటంటే, పెట్టె మీద పెద్దగా అచ్చువేసిన అంకెను నమ్మకూడదు. ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ అని ఉంటుంది. ఏడువేల శ్రేణి కదా, సరికొత్తది అనుకుంటాం. దాని అసలు వయసు మూడో అంకెలో ఉంది. అక్కడ 2 ఉంటే లోపలున్నది జెన్ 2 తరం చిప్పు, అంటే 2019 నాటి రూపకల్పన. పైగా దాని ర్యామ్ బోర్డుకే అతికి వస్తుంది. 8 జీబీతో కొంటే అది బతికినన్నాళ్ళూ 8 జీబీయే. తెర సంగతి ఇంకా అన్యాయం. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని తెర చూపగల రంగుల కొలత ఎక్కడో అట్టడుగున రాస్తారు. వెబ్‌లో వీడియోలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులైనా ఆ తెర చూపించలేదు. అందులో పాలిపోయి కనబడుతోందని రంగులు పెంచుకుంటూ పోతాం. అదే వీడియోను మంచి ఫోనులో చూస్తే అందరి ముఖాలూ ఎండలో కందిపోయి ఉంటాయి. ఈ సంగతి చెబితే ఒక దుకాణంలో, "కళ్ళకు మంచిది సార్, రంగులు తక్కువ" అన్నారు.

చివరికి ఇంటెల్ ఐ5-12450హెచ్ ప్రాసెసర్, బోర్డు మీద 8 జీబీ, పక్కన ఖాళీగా ఒక ర్యామ్ స్లాటు, పూర్తి ఎస్‌ఆర్‌జీబీ తెర ఉన్నదాన్ని పట్టుకున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. లేకపోతే పోనీ అనుకున్నాను. ఫోనులో తీసే హెచ్‌ఈవీసీ వీడియోలను విప్పే భాగం ఆ చిప్పులోనే ఉంటుంది, ర్యామ్ కావాలంటే తర్వాత వేసుకోవచ్చు. ఈ ఎంపిక మీద నాకు ఇప్పటికీ గర్వమే. జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు.

"సెటప్ మేమే చేసి ఇస్తాం సార్, ఉచితం" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. నేను టీ తాగి వచ్చేసరికి తెర వెలుగుతోంది. పైన 'బిల్లింగ్ 2' అని పేరు ఉంది. అదేమిటని అడిగితే, "ఏదో ఒక ఈమెయిల్ ఇవ్వకపోతే ముందుకు కదలదు సార్, మాది ఇచ్చేశాను. పేరు మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు బాగానే గడిచింది. డెస్క్‌టాప్ మీద ఎవరిదో గృహప్రవేశం ఆహ్వానపత్రిక ఉండేది. నాదేమో అని మేనకోడలు, దానిదేమో అని నేను, దాన్ని ముట్టుకోలేదు. ఇంతలో కళాశాలలో లఘుచిత్రాల పోటీ వచ్చింది. నాలుగు వరుసల వీడియో, ఒక పాట, కింద అక్షరాలు వేసేసరికి 8 జీబీ చేతులెత్తేసింది. చిన్న సైజు నకళ్ళు, అదే ప్రాక్సీలు, తయారుచేసుకుని పని కానివ్వమన్నాను. చేసింది. అయినా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోపాటు బ్రౌజర్ తెరిస్తే అన్నీ బిగుసుకుపోయేవి. శనివారం సాయంత్రం మళ్ళీ అదే దుకాణం. ర్యామ్ ధర విని కుర్చీ అడిగాను. "ఏఐ సార్" అన్నాడు కుర్రాడు, పైకి చూపిస్తూ. అది మాత్రం నిజమే. డేటా సెంటర్లు మెమొరీ చిప్పులను ఊడ్చుకుపోతుంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పైకెక్కి కూర్చున్నాయి. ఇంకో 8 జీబీ వేయించాను. "బయోస్ అప్‌డేట్ కూడా పెట్టాను సార్, ఇంటికి వెళ్ళి ఆన్ చేయండి, అదే అయిపోతుంది" అన్నాడు.

అదే అయిపోయింది. ఆదివారం పొద్దున ఆన్ చేస్తే నీలం తెర. బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమంటోంది. నలభై ఎనిమిది అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. పోటీకి వీడియో పంపడానికి ఆ రాత్రి వరకే గడువు.

ఇది నాకు ముందే తెలిసిన విషయమన్నట్టు ముఖం పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి ఫోనులో చదువుకుని వచ్చాను. విండోస్ 11లో ఆన్‌లైన్ ఖాతాతో లోపలికి వెళ్తే డిస్కుకు తాళం దానంతట అదే పడుతుందట. కంప్యూటర్‌ను నిద్రలేపే బయోస్ లాంటిది మారితే, ఇది దొంగల పనేమో అని ఒక్కోసారి తాళంచెవి అడుగుతుందట. తాళంచెవి ఆ ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఆ ఖాతా ఎవరిది? బిల్లింగ్ 2ది.

ఆదివారం దుకాణం సెలవు. కుర్రాడు ఇంట్లో ఉన్నాడు. ఫోను ఎత్తాడు, పాపం మంచివాడే.

"మా ఖాతాలో చాలా కీలు ఉన్నాయి సార్. మీ తెర మీద కీ ఐడీ ఉంటుంది, మొదటి ఎనిమిది అక్షరాలు చెప్పండి."

"చాలా కీలు ఎందుకున్నాయి?"

"మేము సెటప్ చేసినవన్నీ ఇక్కడే పెడతాం సార్. భద్రంగా ఉంటాయని."

ఊళ్ళోవాళ్ళ తాళంచెవులన్నీ ఒకే మొలతాడుకు కట్టుకుని తిరిగే మనిషి నోట భద్రత అన్న మాట వినడం అదే మొదలు. "మాది వెతికి ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు బాబూ" అన్నాను. కుదరదన్నాడు. కీలు రాతపూర్వకంగా ఎవరికీ ఇవ్వకూడదని వాళ్ళ యజమాని నియమమట. నోటితో చెప్పవచ్చట.

కీ ఐడీలో అంకెలతోపాటు ఏ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వస్తాయి. ఉన్నవే ఆరు. అందులో బీ, సీ, డీ, ఈ నాలుగూ ఫోనులో ఒక్కలాగే వినబడతాయి. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ళు ఎన్నడూ ఆదివారం ఫోనులో మాట్లాడి ఉండరు.

"బీ" అన్నాను.

"డీ, తర్వాత?"

"డీ కాదు, బీ. బొబ్బిలి."

"డొబ్బిలి ఎక్కడుంది సార్?"

ఊళ్ళ పేర్లతోనే కానిద్దామనుకున్నాం. దేవరకొండ, చిత్తూరు బాగానే గడిచాయి. ఏలూరు దగ్గర బండి పట్టాలు తప్పింది. నేను 'ఈ' అక్షరం కోసం ఏలూరు అన్నాను. అతను 'ఏ' అని రాసుకున్నాడు. అలాంటి కీ లేదన్నాడు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఏలూరు బదులు ఏనుగు అనమని మేనకోడలు సలహా ఇచ్చింది. ఎలిఫెంట్‌ను మనసులో పెట్టుకుని నోటితో ఏనుగు అంటే ఏలూరుకూ దానికీ తేడా ఏమిటని నేను, ఆలోచించి చెప్పమని అది. అవతల కుక్కరు కూత వేసింది. "ఒక్క నిమిషం సార్" అని కుర్రాడు వెళ్ళాడు.

మొత్తానికి మా కీ దొరికింది. ఇక నలభై ఎనిమిది అంకెలు. అతను చూసేది ఏ ఫోనులోనో మాట్లాడేదీ అందులోనే. స్పీకరులో పెట్టి, తెర చూస్తూ, పాపను ఎత్తుకుని చదువుతున్నాడు. నేను కాగితం మీద రాస్తున్నాను. రెండో గుంపు దాకా వచ్చేసరికి, నేను రాసిందే అతను చదివాడన్న నమ్మకం నాకు పోయింది.

అప్పుడు మేనకోడలు ఫోనులోంచి తలెత్తి, "తాతయ్యా, ప్రతి ఆరంకెల గుంపూ పదకొండుతో నిశ్శేషంగా భాగింపబడాలట" అంది.

మా నాన్న లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశారు. అప్పటిదాకా మంచం మీద పత్రిక చదువుకుంటున్న మనిషి, దాన్ని మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు మార్చుకుని, నా చేతిలో కాగితం లాక్కున్నారు. 389726 అని రాసి ఉంది. "బేసి స్థానాలు కూడు. మూడూ తొమ్మిదీ రెండూ, పద్నాలుగు. సరి స్థానాలు. ఎనిమిదీ ఏడూ ఆరూ, ఇరవై ఒకటి. తేడా ఏడు. సున్నా రావాలి, లేకపోతే పదకొండో ఇరవై రెండో రావాలి. ఇది తప్పు. అడుగు."

"బాబూ, రెండో గుంపు మళ్ళీ చెప్పు."

"త్రీ ఎయిట్ ఫైవ్..."

"నైన్ కాదా?"

"ఫైవ్ సార్."

నాన్న తొమ్మిది కొట్టేసి ఐదు వేశారు. పది, ఇరవై ఒకటి, తేడా పదకొండు. ఆయన ముఖంలో అంత సంతోషం నా పదో తరగతి ఫలితాల రోజున కూడా చూడలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, "నాయనా, అంకెలు తెలుగులో చెప్పు. ఐదుకూ తొమ్మిదికీ పోలికే ఉండదు" అన్నారు. కుర్రాడు వినయంగా తెలుగులోకి దిగాడు. దిగాక ఏడుకూ మూడుకూ గొడవ మొదలైంది. అయినా పదకొండు కాపలా ఉంది. ప్రతి గుంపు దగ్గరా ఆయన ఆగడం, కూడడం, తీసివేయడం, "సరే, తర్వాత" అనడం. ఒక గుంపు ఎనిమిదితో మొదలైంది. మేనకోడలు వెంటనే, "అలా ఉండదు తాతయ్యా, ఏ గుంపూ 7,20,885 దాటదట" అంది. "విన్నావా నాయనా, ఎనిమిది రాదు. సరిగ్గా చూడు" అన్నారు నాన్న. అతను సరిగ్గా చూస్తే అది ఆరు. ఆ తర్వాత కుర్రాడు సరిస్థానాలు తనే కూడి చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న మెచ్చుకున్నారు. ఏం చదువుకున్నావని అడిగారు. పాప పేరు అడిగారు. గడువు సంగతి గుర్తున్నవాళ్ళం మేమిద్దరమే.

ఏడో గుంపులో ఉండగా ఫోను కట్టయింది. అతని చార్జింగ్ అయిపోయిందట. ఆ విరామంలో నాన్న రాసుకున్నవన్నీ నిలువు భాగహారం చేసి మరోసారి సరిచూశారు.

ఎలాగైతేనేం, చివరి గుంపు వచ్చింది, మేనకోడలు కొట్టింది, తెర తెరుచుకుంది. గృహప్రవేశం పత్రిక పక్కన ఇప్పుడు ఎవరిదో బారసాల పత్రిక కూడా ఉంది. కృతజ్ఞతలు చెప్పి పెట్టేయబోతుంటే, కుర్రాడు గొంతు తగ్గించి, "సార్, ఒక చిన్న మాట" అన్నాడు.

"చెప్పు బాబూ."

"ఇప్పుడే ఖాతా చూశాను. డ్యాన్సు రిహార్సల్ వీడియోలు పెద్దపెద్దవి ఉన్నాయి, అవి మీ పాపవే కదా? ఖాతాలో ఫైళ్ళు దాచుకోవడానికి ఉచితంగా ఇచ్చేదే 5 జీబీ సార్. అవి వచ్చి కూర్చోవడంతో మా బిల్లులు సేవ్ కావడం లేదు. మీరు ఇలా చేస్తే ఎలా అని మా యజమాని అడగమన్నారు."