క్వార్టర్స్ కడితే మన పిల్లల సీట్లు పోతాయా?

మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మామూలుగా నడిచేవి చిన్న చిన్న మాటలే. ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది, హిందూపురం బస్సు యలహంకలో ఆగుతుందా, ఇలాంటివి. పోయిన వారం మాత్రం ఒకే మెసేజ్ మూడు రోజుల్లో ఆరుసార్లు వచ్చింది. మాది ఉత్తర బెంగళూరులో మిలిటరీ గోడ పక్కనున్న ఏరియా. గోడ అవతల ఖాళీ జాగాలో సైనిక కుటుంబాలకు క్వార్టర్స్ కట్టబోతున్నారట, అందరం కలిసి అడ్డుకోవాలట. "వెయ్యి ఇళ్లు, రెండు వేల మంది పిల్లలు. మన స్కూళ్లన్నీ నిండిపోతాయి, చదువుల స్థాయి పడిపోతుంది. ఆర్‌టీఈ సీట్లు కూడా వాళ్లకే. అమెరికాలో ఇలాగే జరిగి ఊళ్ల స్కూళ్లు దివాలా తీశాయి. వీళ్లు పైసా పన్ను కట్టరు. పది గ్రూపులకు పంపండి." కింద సంతకాల ఫారం లింకు.

పంపినవాళ్లలో మా పక్క బ్లాక్ పెద్దాయన ఒకరు. మనవడికి ఎల్‌కేజీ సీటు రాలేదని రెండు నెలలుగా ఆయనకు టెన్షన్. అందుకే ఎగతాళి చేయాలనిపించలేదు. క్వార్టర్స్ నిజంగానే వస్తాయనుకుని, మెసేజ్‌లో ఉన్నవి ఒక్కొక్కటే చూద్దామని కూర్చున్నాను.

"వెయ్యి ఇళ్లు అంటే వెయ్యి కొత్త కుటుంబాలు." మొత్తం భయం ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. ఇల్లు కట్టినంత మాత్రాన కొత్త సైనికుడు పుట్టుకురాడు. బెంగళూరులో ఎంతమంది యూనిఫాం వాళ్లుండాలన్నది ఇక్కడున్న యూనిట్లను బట్టి ఉంటుంది. హలసూరు వైపు మద్రాస్ సాపర్స్ అనే ఆర్మీ ఇంజనీర్ల సెంటరు (ఎంఈజీ), ఆర్మీ సరఫరాల విభాగం ఏఎస్‌సీ సెంటరు, జాలహళ్లి, యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు అన్నీ కలిపితే ఆ సంఖ్య. పోస్టింగ్ వచ్చిన మనిషి క్వార్టర్ కోసం పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా ఇంటి అద్దె భత్యం తీసుకుంటూ బయట అద్దెకుంటాడు. బయట అంటే ఎక్కడో కాదు, గంగమ్మ సర్కిల్, విద్యారణ్యపుర, అబ్బిగెరె. వాళ్ల పిల్లలు ఇప్పటికే ఇక్కడి స్కూళ్లలో చదువుతున్నారు. రేపు క్వార్టర్ దొరికితే అదే పిల్లాడు గోడకు ఇటువైపు నుంచి అటువైపుకు మారతాడు, అంతే. స్కూల్లో బెంచీ అదే.

ఈ ఇళ్ల కొరత ఈనాటిది కాదు. 2002లో కేంద్రం మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు మొదలుపెట్టి దేశమంతటా దాదాపు 2 లక్షల ఇళ్లు దశలవారీగా కట్టాలనుకుంది. బయట అద్దెకున్నవాళ్లను లోపలికి తెచ్చుకోవడం అందులో పెద్ద భాగం. ఆ లెక్కన క్వార్టర్స్ వల్ల నష్టపోయేవాళ్లు ఎవరైనా ఉంటే, నెలనెలా ఒకటో తారీఖున తప్పకుండా అద్దె ఇచ్చే ఫౌజీ కుటుంబాన్ని పోగొట్టుకునే ఇంటి ఓనర్లు. సంతకాల ఫారంలో వాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూడాలనిపించింది గానీ, ఆ మాట వద్దులెండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఇల్లు దొరక్క భార్యాపిల్లల్ని ఊళ్లోనే వదిలి వచ్చినవాళ్లూ ఉంటారు. పశ్చిమ గోదావరిలో మాధవరం ఉంది కదా, ఇంటింటికీ ఫౌజులో మనిషి ఉన్నాడని మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు. అలాంటి ఊళ్లలో తండ్రి సరిహద్దులో, పిల్లలు నానమ్మ దగ్గర అన్నది ఎవరికీ వింత కాదు. ఇక్కడ క్వార్టర్ దొరికితే ఆ కుటుంబం రైలెక్కుతుంది. కొత్తగా వచ్చే పిల్లలు కొందరుంటారు. ఆ కొందరు ఎంత?

మెసేజ్ లెక్కే తీసుకుందాం. రెండు వేల మందిని ఒకటి నుంచి పన్నెండు క్లాసులకు పంచితే క్లాసుకు 167 మంది. అయితే క్వార్టర్స్‌లో ఉండేది ఎక్కువగా చిన్న వయసు జంటలు. కొందరికి చంటిబిడ్డ, కొందరికి ఒక్కరే, కొందరికి ఇంకా పిల్లలే లేరు. ఇంటికి ఇద్దరు బడి పిల్లలన్నది అతి లెక్క. సగం అనుకుంటే క్లాసుకు 83. వాళ్లంతా రేపే కొత్తగా దిగినా, 40 మంది చొప్పున రెండు సెక్షన్లు నిండి ముగ్గురు మిగులుతారు. ఒక్క కేంద్రీయ విద్యాలయం (కేవీ) పెడితే సరిపోయే సంఖ్య.

కేంద్రీయ విద్యాలయం మాట ఎందుకు ఎత్తానంటే, "మన స్కూళ్లు నిండిపోతాయి" అన్న రెండో వాదనకు జవాబు అక్కడే ఉంది. ఆ స్కూళ్లు పుట్టిందే వీళ్లలా బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం. 1963లో సైనికులు ఎక్కువగా ఉన్న చోట్ల నడుస్తున్న 20 రెజిమెంటల్ స్కూళ్లను తీసుకుని సెంట్రల్ స్కూళ్లుగా మొదలుపెట్టారు. బెంగళూరులో ఎంఈజీ సెంటరు, ఏఎస్‌సీ సెంటరు, జాలహళ్లి, యలహంక, ఎక్కడ మిలిటరీ ఉంటే అక్కడ కేవీ ఉంది. అవి కాక 1983లో పెట్టిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ కింద ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల స్కూళ్లు ఉన్నాయి. ఫౌజీ ఇంట్లో పిల్లల చదువు అనగానే ముందు చూసేది వీటినే. ఫీజు తక్కువ, బదిలీ అయితే అదే సిలబస్ మళ్లీ దొరుకుతుంది, మిలిటరీ బస్సు గేటు దగ్గర దింపుతుంది.

ఈ స్కూళ్లలో సివిలియన్ పిల్లలు కూడా చదువుతున్నారు, మా అపార్ట్‌మెంట్ వాళ్లతో సహా. ముందు ఫౌజీలకు, కేవీల్లో అయితే ఇతర కేంద్ర ఉద్యోగులకు కూడా ఇచ్చి, మిగిలినవి బయటివాళ్లకు ఇస్తారు. క్వార్టర్స్ నిండి, కొత్త సెక్షన్లు పెట్టకపోతే, ఆ మిగులు సీట్లు తగ్గుతాయి. అది నిజమైన దెబ్బ. మెసేజ్ రాసినవాళ్లు పట్టుకోవాల్సిన పాయింటు ఇదే, దీన్నే వదిలేశారు. ఎంపీ గారి లెటర్ తెచ్చి కేవీ సీటు పట్టే దారి 2022లో ఆ కోటా ఎత్తేయడంతో మూసుకుపోయింది. ఆ కోపం కూడా కొంత ఈ మెసేజ్‌లో కలిసిందని నా అనుమానం.

ఇక ప్రైవేటు స్కూళ్లు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను కళ్లారా చూసింది ఉంది.

పోయిన జూన్‌లో మా అమ్మాయి స్కూలు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్లో నిలబడ్డాను. నా ముందు ఒకావిడ, చేతిలో ఎర్ర ప్లాస్టిక్ ఫోల్డరు, కొంగు పట్టుకుని నాలుగేళ్ల పాప. ఫోల్డరు నిండా ఒకే సైజు ఫొటోలు, ఆధార్ కాపీలు, టీకాల కార్డు, ఇంకెన్నో. ఫోన్లో "ఇక్కడా లేదంట" అని ఎవరికో చెబుతుంటే యాసను బట్టి శ్రీకాకుళం వైపని అర్థమైంది. పలకరించాను. ఆవిడ భర్తది ఎయిర్‌ఫోర్స్, అస్సాంలోని జోర్‌హాట్ నుంచి మే నెలలో వచ్చారు. క్వార్టర్ ఇంకా రాలేదు, మా వెనక వీధిలోనే అద్దెకు దిగారు.

"పెద్దోడికి కేవీలో టీసీ మీద అయిపోనాదన్నయ్యా. ఆడికిది నాలుగో స్కూలు, అలవాటైపోయింది. పాపకే ఏటీ తోచట్లేదు. యూకేజీకి ఎక్కడికెళ్లినా నవంబర్లోనే అడ్మిషన్లు క్లోజ్ అంటున్నారు."

"నవంబర్లోనే ఫారం వేయాలమ్మా ఇక్కడ" అన్నాను, ఏదో గొప్ప రహస్యం చెప్పినట్టు.

"నవంబర్ల మాకు పోస్టింగ్ ఆర్డరే లేదు కదా. కల గంటామేటి?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మన మెసేజ్ ప్రకారం మన పిల్లల సీట్లు లాక్కునే మనిషి ఈవిడే. ఫోల్డరు పట్టుకుని ఆరు స్కూళ్లు తిరిగి, ఏడో దాని బయట జిరాక్స్ తీయిస్తోంది. బెంగళూరులో పేరున్న ప్రైవేటు స్కూళ్లు ఎల్‌కేజీ ఫారాలు ముందు ఏడాది దసరా చుట్టుపక్కలే ఇస్తాయి, సంక్రాంతికి లిస్టు తేలిపోతుంది. ఫౌజీ బదిలీల్లో ఎక్కువ భాగం ఎండాకాలంలో జరుగుతాయి. లిస్టు తేలిన నాలుగు నెలలకు ఊళ్లో దిగే మనిషి ఎవరి సీటు లాక్కుంటాడు? కేవీల్లో మామూలుగా చదువు మొదలయ్యేది ఒకటో క్లాసు నుంచి, ఒకటో క్లాసు కంటే ముందు చదువులకు బాలవాటికలు ఇప్పుడిప్పుడే కొన్నిచోట్ల వస్తున్నాయి. కాబట్టి చిన్నపిల్లలున్న ఫౌజీ తల్లులే అందరికంటే ఎక్కువ అవస్థ పడేది.

"ఆర్‌టీఈ సీట్లు కూడా వాళ్లకే." దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు బలహీన, వెనకబడిన వర్గాల పిల్లలకివ్వాలన్నది 2009 నాటి విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ). అందులో క్వార్టర్స్‌లో ఉంటున్నారని ఇచ్చే సీటు లేదు. కర్ణాటకలో ఆ సీట్లు తగ్గిపోవడానికి కారణం వేరే. దగ్గర్లో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ స్కూలు ఉంటే ప్రైవేటు స్కూలు ఆ సీట్లు ఇవ్వనక్కర్లేదని 2018-19లో రాష్ట్రం రూలు మార్చింది. సంతకాలు పెట్టాలనుంటే దాని మీద పెట్టొచ్చు.

"చదువుల స్థాయి పడిపోతుంది." రెండు మూడేళ్లకో ఊరు మారే పిల్లలు వెనకబడతారన్న భయం తల్లిదండ్రులకుంటే అర్థం చేసుకోవచ్చు. వాళ్లు పక్కన కూర్చుంటే మన పిల్లలు వెనకబడతారనడం మాత్రం విచిత్రం. 2024 సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో మొత్తం ఉత్తీర్ణత 87.98 శాతమైతే కేవీలది 98.81. కేవీల్లో చదివేది ఫౌజీ పిల్లలొక్కరే కాదు, ఆ మార్కులన్నీ వాళ్ల ఖాతాలో వేయను. కానీ బదిలీల మీద వచ్చిపోయే పిల్లలతో నిండిన స్కూళ్లు మునిగిపోలేదని చెప్పడానికి ఆ అంకె చాలు. ఆ మెసేజ్ కింద ఎవరో "వాళ్లకు కన్నడ కూడా రాదు" అని రాశారు. తెలుగులో రాశారు, తెలుగు గ్రూపులో! 2015 చట్టం ప్రకారం ఇక్కడి స్కూళ్లలో కన్నడ అందరూ నేర్చుకోవాల్సిందే. మా అమ్మాయి రెండో క్లాసులో ళ, ಳ పక్కపక్కన రాసి కన్నీళ్లు పెట్టుకున్న రోజులు నేను మర్చిపోలేదు.

అమెరికా ముక్క ఎవరు తగిలించారో గానీ, అది వేరే దేశపు సమస్యను ఎత్తుకొచ్చి మన గోడకు అంటించడమే. అక్కడ ప్రభుత్వ స్కూళ్లకు డబ్బులో పెద్ద భాగం ఆ ఊరి ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను నుంచి వస్తుంది. మిలిటరీ స్థలం ఫెడరల్ ప్రభుత్వానిది, దానికి పన్ను లేదు. పిల్లలు వస్తారు, పన్ను రాదు, భారం ఊరి స్కూలు మీద పడుతుంది. అందుకే 1950 నుంచి అక్కడ ఇంపాక్ట్ ఎయిడ్ అని ఒక పథకం పెట్టి అలాంటి స్కూళ్లకు కేంద్రమే డబ్బిస్తోంది. ఆ డబ్బు చాలడం లేదని గొడవ పడే ఊళ్లున్నాయి, వాళ్ల గొడవలో న్యాయం ఉంది. మన దగ్గర ప్రభుత్వ స్కూలు టీచరు జీతం మా అపార్ట్‌మెంట్ కట్టే పన్ను మీద ఆధారపడి లేదు. కేవీ ఖర్చు కేంద్రానిది. ప్రైవేటు స్కూలు మన ఫీజుల మీద నడుస్తుంది. ఇక దివాలా ఎక్కడిది?

పన్ను మాటకొస్తే, "పైసా కట్టరు" అన్నది సగమే నిజం. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తికి ఆస్తి పన్ను లేదు. కానీ స్థానిక సంస్థకు సేవా చార్జీలు కట్టాలి. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒప్పందం ప్రకారం, వాడుకునే సేవలను బట్టి అది ఆస్తి పన్నులో 75 శాతం, 50 శాతం లేదా మూడో వంతు ఉంటుంది. పైగా చాలామంది రెండు రకాల ఇళ్లను కలిపేస్తున్నారు. క్వార్టర్స్ ప్రభుత్వానివి. కమ్మనహళ్లి దగ్గర జల్ వాయు విహార్ లాంటివి ఫౌజీలు డబ్బు పెట్టి కొనుక్కున్న ఫ్లాట్లు. వాటి ఓనర్లు మనలాగే పన్ను కడతారు.

ట్రాఫిక్, నీళ్లు, గోడ పక్క రోడ్డు మూసేయడం గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా లేదు. నాకైతే అడగాల్సినవి అవే అనిపిస్తుంది. మిలిటరీ స్థలాల పక్కన కట్టడాల మీద 2011లో రక్షణ శాఖ ఆంక్షలు పెట్టి 2016లో కొన్నిచోట్ల సడలించింది. మా లేఅవుట్‌లో ఇంకో అంతస్తు వేయాలనుకునేవాళ్లు అది తెలుసుకోవాలి. లోపలే ఒక కేవీ పెట్టమని అడగడానికి కూడా ఇదే సమయం.

ఇదంతా గ్రూపులో పెట్టాక పెద్దాయన రాత్రి లిఫ్టు దగ్గర కనిపించారు.

"అంతా బాగానే రాశావు నాయనా. మరి మావాడి సీటు ఎవరు తీసుకున్నట్టు?"

"ఆ స్కూల్లో ఎల్‌కేజీ రెండే సెక్షన్లు బాబాయి గారూ. అక్కడ చదివే పిల్లల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, స్టాఫ్ పిల్లలకు ముందిచ్చారు. మిగిలినవాటికి ఫారం వేసినవాళ్లలో మన బ్లాకులవాళ్లే పదకొండు మంది."

ఆయన కాసేపు లిఫ్టు బటన్ వైపే చూశారు.

"ఆ శ్రీకాకుళం అమ్మాయి పాపకు చివరికి దొరికిందా?"

"దొరికిందండీ. మూడు కిలోమీటర్ల దూరం. చిన్న స్కూలే, టీచర్లు మంచివాళ్లంట."

"ఆ స్కూలు నంబరు ఉంటే పంపు" అన్నారు.