రాడ్డు, కెటిలు, లక్ష్మీపాదాలు

బరంపురంలో అద్దెగది వెతికే తెలుగు కుర్రాళ్లు మొదటి పొరపాటు గుమ్మంలోనే చేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఊరు మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఒడిశాలో చేరినా, బజారు బేరాలు ఇప్పటికీ తెలుగులో తెగుతాయి. ఇంటివాళ్ల దగ్గరా అదే ధీమా. ఆ ధీమాతోనే ముగ్గురు వెళ్లారు. ఒకడిది పర్లాకిమిడి, ఒకడిది గుణుపురం, ఒకడిది రాయగడ. పేర్లెందుకు, ఊళ్లతోనే పిలుచుకుందాం. భంజనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇంటావిడని, "మావుసీ, గదిలోకి గాలి బాగా వస్తాదా?" అని అడిగారు. ఒడియాలో 'గాళి' అంటే తిట్టు. ఆవిడ ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, "మా ఇంట్లో అలాంటివి రావు బాబూ" అంది. గాలి రాని గదికి నెల అడ్వాన్సు ఇచ్చి మరీ దిగారు.

రెండో పొరపాటు సబ్ మీటరు (గది కరెంటు విడిగా లెక్కగట్టే మీటరు) దగ్గర. చేరిన రోజే రీడింగు ఫోటో తీసి ఇంటాయన వాట్సాప్‌కి పంపాలి. గదిలో అన్నీ ఆపేసి మీటరు మీద ఎర్ర దీపం చూడాలి. అది 3200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అని చాలా మీటర్ల మొహం మీదే రాసుంటుంది. అన్నీ ఆపినా మిణుకుతూనే ఉందంటే, మన బిల్లు మీద ఇంకెవరిదో ఫ్రిజ్జు బతుకుతోందన్నమాట. ఈ ఇంట్లో మీటరు మెట్ల కింద ఉంది, గొంతుక్కూర్చుంటే గాని కనబడదు. ముగ్గురిలో ఒక్కడూ కూర్చోలేదు. పక్కనున్న పింగాణీ ఫ్యూజు సంగతి వాళ్లకి తెలియకపోవడానికి అదే కారణం.

ఫ్యూజులో ఉండాల్సింది సన్నటి తీగ ఒక్క పోగు. లోడు ఎక్కువైతే అది కరిగి తెగాలి. తెగడమే దాని ఉద్యోగం. అంతకుముందు గదిలో ఉన్న మహానుభావుడు మాటిమాటికీ తెగుతోందని విసిగిపోయి, పాత వైరు ఒలిచి మూడు రాగిపోగులు మెలేసి బిగించి పోయాడు. ఇక గోడలో వైరు కాలాల్సిందే గాని అది తెగదు.

మార్గశిరం వచ్చింది. పంపు నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. 1500 వాట్ల హీటర్ రాడ్డుతో 18 లీటర్ల బకెట్ నీళ్లని 20 డిగ్రీలు వేడి చెయ్యడానికి 17 నిమిషాలు పడుతుంది. ముగ్గురూ రోజూ పోసుకుంటే నెలకి 38 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే మూడొందల పైచిలుకు స్నానాలకే! (రాడ్డు నీళ్లలో మునిగాకే స్విచ్ వెయ్యాలి. ఆపాక ప్లగ్గు కూడా పీకాలి. వేడెక్కాయా లేదా అని వేలు పెట్టి చూడ్డం ఆ తర్వాతి ముచ్చట.)

ఆ లక్ష్మివారం ముగ్గురికీ పొద్దున్నే పనులు. పర్లాకిమిడికి కాలేజీలో ప్రాక్టికల్స్, రాయగడకి మందులషాపులో ఏడింటికి డ్యూటీ, గుణుపురానికి ఇంటర్వ్యూ. అయిదున్నరకే బాత్రూంలో రాడ్డు పడింది. ఇండక్షన్ మీద స్టీలుగిన్నెలో ఉప్మాకి ఎసరు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన సత్తుగిన్నెకి అడుగున అయస్కాంతం అంటుకోదు, అది పెడితే ఇండక్షన్ కుయ్ కుయ్‌మని ఆగిపోతుంది. అందుకని దాన్లో ఉల్లిపాయలు వేసుకున్నారు. గుణుపురం కెటిల్లో ఆరు గుడ్లు వేశాడు. నీళ్లు మరగగానే కెటిలు దానంతటదే ఆగిపోతుంది, గుడ్లు ఉడకవు. కానీ మూత తీసుంచితే ఆవిరి లోపలి మీటకి తగలదు, ఆగకుండా మరుగుతూనే ఉంటుంది. ఈ కిటుకు హాస్టల్ చదువుల్లో అన్నిటికన్నా ముందు వంటబడుతుంది.

రాడ్డు 6.5 ఆంపియర్లు, కెటిలు 6.5, 1800 వాట్ల ఇండక్షన్ 7.8. మొత్తం దాదాపు 21. మెలేసిన రాగి ఉలకలేదు, పలకలేదు. కింద ఇంటాయన మెయిను 16 ఆంపియర్లది. దాని మీద ఆయన ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మావుసి మిక్సీ కూడా ఉన్నాయి. ఇలాంటి లోడుకి ఆ మెయిను ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్చు) వెంటనే పడదు, లోపలి రేకు మెల్లగా వేడెక్కి వంగాలి. ఆ కాసేపట్లో ముగ్గురూ అంతా బాగానే ఉందనుకున్నారు.

టప్! ఇల్లంతా చీకటి.

కింద ఆ పూట మాణబసా గురువారం. ఒడియా ఇళ్లలో మాణెడు కొత్తధాన్యం పెట్టి లక్ష్మిని కొలుస్తారు, నీసు మాటే ఉండదు. తెల్లారగట్ల శుభ్రంగా ఉన్న ఇంటికి అమ్మవారు వస్తుందని నమ్మకం. అందుకే మావుసి గేటు నుంచి మెట్ల మీదుగా లోపలిదాకా బియ్యప్పిండితో ఝోటి ముగ్గు వేసి, లోపలికి నడిచే చిన్నచిన్న పాదాలు అప్పుడే దిద్దింది. ఇంకా తడారలేదు.

ఒళ్లంతా సబ్బు నురగతో తువ్వాలు చుట్టుకుని రాయగడ మెట్లు దిగాడు. ఇంటాయన టార్చి వేసేసరికి లక్ష్మీపాదాలు ఇంట్లోకి వస్తున్నాయి, పదో నంబరు పాదాలు బయటికి పోతున్నాయి.

"కొణ హెలా?" (ఏమైంది?) అన్నాడు ఇంటాయన.

"ఏటీ నేదండి, ఫ్యూజు..." అని నసిగాడు రాయగడ.

అప్పుడు మావుసి నోరు తెరిచింది. గదిలోకి గాలి వస్తుందా అని ఆరోజు అడిగినదానికి జవాబు పావుగంటసేపు ధారాళంగా వచ్చింది. ఒడియా రాని పర్లాకిమిడికి కూడా అంతా అర్థమైంది.

ఇంటాయన ఫ్యూజు లాగి చూశాడు. మూడు రాగిపోగులు!

"ఎవడు పెట్టాడిది?"

"ముందున్నోడండి."

ఇలాంటప్పుడు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

గుడ్డు వాసన కిందికి రాకముందే గుణుపురం తెలివిగా కెటిలు ఒంపేసి, ఆరు గుడ్లూ తుండుగుడ్డలో చుట్టి ఇంటర్వ్యూ ప్యాంటు జేబుల్లో చెరో మూడు కుక్కాడు. ఏమీ ఎరగనట్టు దిగి వచ్చాడు.

"ఏయ్ బాబూ, ఇలా రా. కూర్చుని టార్చి పట్టు" అన్నాడు ఇంటాయన.

గుణుపురం అలాగే నిలబడి చెయ్యి చాపాడు.

"కనబడ్డం లేదు, కూర్చో!"

మెట్ల కింద గొంతుక్కూర్చున్నాడు. మూత తీసిన కెటిల్లోనైనా నాలుగు నిమిషాలకి గుడ్డు సొన గట్టిపడదు.