జమ్మిచెట్టు రక్షణకు శవం కావలెను

థార్ ఎడారిలో వానచుక్క ఎరుగని ఏళ్ళను సైతం ఓర్చుకొని, పాతాళానికి వేరు దించి, మండువేసవిలో చివురు తొడిగే జమ్మిచెట్టుకు ఇంకా విరుగుడు దొరకని కష్టం ఒక్కటే ఉన్నది. అది మన భక్తి. 1899–1900 నాటి ఛప్పనియా కరువులో మార్వాడ్ జనం దాని బెరడు ఒలిచి, పిండి కొట్టుకొని తిన్నా అది తట్టుకొని నిలిచింది. విజయదశమి సాయంత్రాన్ని తట్టుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

పచ్చని చెట్టు కొట్టరాదన్న నియమంగల అక్కడి బిష్ణోయి శాఖవారిది మోటు భక్తి. 1730లో జోధ్‌పూర్ రాజు సున్నపు బట్టీలకు కట్టెలు కొట్టుకురమ్మని మనుషులను పంపితే, ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవి మొదలుకొని 363 మంది జమ్మిచెట్లను వాటేసుకొని తలలు ఇచ్చారు. మనది నాగరికమైన భక్తి. మనం తలలు ఇవ్వము, కొమ్మలు తీసుకుంటాము. తెలంగాణ రాష్ట్ర వృక్షమన్న హోదా వచ్చిందే గాని, దానితోపాటు గన్‌మెన్ ఎవరూ రాలేదు. 'శమీ శమయతే పాపం' అని చీటీమీద రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లూ ఎక్కించి, కొమ్మకు తగిలించి, పెద్దల చేతిలో 'బంగారం' పెట్టడానికి ఆకు తుంచబోతాము. ఆకు చింతాకు పాటి కూడా ఉండదు గనుక రెమ్మే ఊడివస్తుంది. చెట్టు లేని కాలనీలవారు ఎక్కడో నరికి తెచ్చిన కొమ్మను గుడిముందు పాతి ప్రదక్షిణలు చేస్తారు. తెల్లవారేసరికి దానికి చీటీలూ ముళ్ళూ మిగులుతాయి.

జమ్మిమీద ఆయుధాలు దాచిన పాండవుల బందోబస్తును పండుగ ప్రసంగాలలో ఎవరూ ఎత్తరెందుకో. వారు శ్మశానం దాపున ఉన్న చెట్టునే ఎంచుకొని, దానికొక శవాన్ని కట్టి, అది 180 ఏళ్ళ తమ తల్లిదనీ, ఇది తమ కులాచారమనీ పసులకాపరులకు చెప్పి మరీ వెళ్ళారు. ఆ ఏడాదంతా ఆ చెట్టు జోలికి ఎవరైనా వెళ్ళినట్టు కథలో లేదు.

కావున ప్రభుత్వం ప్రతి జమ్మిచెట్టుకూ నవమి రాత్రి శవాకారపు మూట నొకదానిని కట్టించవలసిందిగా సవినయంగా మనవి చేస్తున్నాను. టెండర్లు పిలిస్తే గడ్డి తక్కువ, బిల్లు ఎక్కువ అవుతుందన్నది నిజమే, దానికి ఓర్చుకోవచ్చు. అయితే ఏకాదశి కోడికూతకు ముందే ఆ మూటలను తప్పక దించివేయించాలి. పసుపు కుంకుమలు పడ్డాయంటే, మరుసటి దసరాకు వాటికీ చీటీలు వేలాడతాయి.