డ్రై క్లచ్‌లో ఆయిల్ పోయమన్న మహానుభావుడెవరో గానీ

క్లచ్ మోత గురించిన ఒక మెసేజ్ బరంపురం పాత బళ్ల గ్రూపులో వచ్చింది, చూసీ చూడనట్టు వదిలేశాను. పర్లాకిమిడి గ్రూపులో వచ్చింది, ఊరుకున్నాను. నిన్న రాయగడ నుంచి బావ కూడా అదే పంపి, కింద దండం బొమ్మ పెట్టి, "మీవాళ్లందరికీ పంపించు, పనికొస్తుంది" అన్నాడు. ఇక ఊరుకుంటే ఎవరి బండో పాడైపోయేలా ఉంది.

ఆ మెసేజ్ పేరు "క్లచ్ మోతా? మెకానిక్ దోచుకోకముందే చదవండి." చెప్పేది ఇదీ: పాత బళ్లన్నిటికీ డ్రై క్లచ్చే (అంటే ఆయిల్ తగలకుండా పొడిగా పనిచేసే క్లచ్). దాన్నుంచి శబ్దం వచ్చిందంటే క్లచ్ పోయినట్టే. ముందు స్ప్రింగు బోల్టులు గట్టిగా బిగించాలి. తగ్గకపోతే రెండు మూతల ఇంజిన్ ఆయిల్ పోయాలి, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటే ఇంకా మంచిది. మూత ఎలాగూ విప్పారు కాబట్టి లోపలి దుమ్ము కంప్రెసర్ గాలితో ఊదించేయాలి. ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కొంచెం పెంచాలి. అసలు డ్రై క్లచ్ అనేదే తప్పుడు డిజైన్, కంపెనీలే దాన్ని వదిలేశాయి.

పాత బళ్లన్నిటికీ డ్రై క్లచ్ అన్నది చదవగానే తెలిసిపోతోంది, రాసినవాడు ఒక్క బండీ విప్పలేదని. బుల్లెట్ క్లచ్ ప్రైమరీ కేసు (ఇంజిన్‌నీ క్లచ్‌నీ కలిపే చెయిన్ ఉండే పెట్టె) ఆయిల్‌లో తిరుగుతుంది. జావా, యెజ్డీ కూడా అంతే. మన వీధుల్లో కనిపించే పాత బళ్లలో చాలావరకు వీటి బాపతే. డ్రై క్లచ్ కావాలంటే పాత డుకాటీలు, మోటో గుజ్జీలు, పాత బీఎండబ్ల్యూ బాక్సర్లు, యుద్ధకాలం నాటి బీఎస్‌ఏ ఎం20 లాంటివి వెతుక్కోవాలి. అవి ఉన్న నలుగురైదుగురి కోసమే ఈ మిగతాదంతా.

శబ్దం వస్తే క్లచ్ పోయినట్టేనా? ఏ శబ్దం, ఎప్పుడొస్తోంది అన్నది అడక్కుండా తీర్పు చెప్పేశాడు. డుకాటీ 916నో, మాన్‌స్టర్ 900నో న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పట్టుకుంటే, సంతకి పోయే సైకిల్‌కి కట్టిన సత్తు గిన్నెల్లా మోగుతుంది. క్లచ్ వదిలేస్తే ఆగిపోతుంది. పట్టుకున్నప్పుడు ప్లేట్ల మీద ఒత్తిడి పోతుంది, వాటిని పట్టి ఉంచే గాడుల గిన్నె, అదే బాస్కెట్, మాత్రం ఇంజిన్‌తో తిరుగుతూనే ఉంటుంది, వదులైన ప్లేట్ల చెవులు బాస్కెట్ గాడుల అంచుల్ని కొట్టుకుంటాయి. మధ్యలో ఆ దెబ్బని మెత్తబరచడానికి ఆయిల్ లేదు, అందుకే అంత మోత. కొత్త బండికీ వస్తుంది.

మోత పెరుగుతూ పోతుంటే మాత్రం మూత విప్పి చూడాలి. బాస్కెట్ గాడి అంచు మీద వేలిగోరు నెమ్మదిగా కిందకి జార్చండి. నున్నగా జారితే సరే. ప్లేటు చెవి కూర్చునే ప్రతిచోటా గోరు గుంటలో పడి ఆగుతూ ఉంటే అరుగుదల ఉన్నట్టే. గుంటలు లోతైతే ప్లేట్లు వాటిలో ఇరుక్కుని సరిగ్గా విడివడవు, న్యూట్రల్ దొరకదు, మొదటి గేర్లో బండి వణుకుతూ కదులుతుంది. అప్పుడు బాస్కెట్ మార్చాలి.

ఇక తక్కిన శబ్దాలు. క్లచ్ వదిలినప్పుడు గుర్రుమని, పట్టుకుంటే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు వైపు చూడండి, ఎందుకంటే న్యూట్రల్‌లో క్లచ్ వదిలితేనే ఆ షాఫ్టు తిరుగుతుంది. లివర్ నొక్కడం మొదలవగానే కీచుమంటే ప్లేట్ల మీద ఒత్తిడి వదిలించే రిలీజ్ బేరింగు. పట్టినా వదిలినా ఒకేలా ఉండి, రేజ్ చేసేకొద్దీ పెరిగితే క్లచ్ ప్లేట్లని అనుమానించడం మానేసి బాస్కెట్ బోల్టులు, ప్రైమరీ గేర్లు చూడండి. వదులైన బోల్టు సంగతి రేపటికి వాయిదా వేయకండి.

స్ప్రింగు బోల్టులు గట్టిగా బిగించమన్న సలహా ఒక్క వాక్యానికి తగ్గది: డుకాటీలో ఆ బోల్టు చివరిదాకా కూర్చున్నాక స్ప్రింగు ఇంకేమీ బిగుసుకోదు, అల్యూమినియం మరలు మాత్రం ఊడివస్తాయి. ఎం20 లాంటి బ్రిటిష్ బళ్లలో నట్టుతో స్ప్రింగు బిగువు మార్చవచ్చు, అదీ ప్లేట్లని నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు వంకర లేకుండా లేచేలా అన్నీ సమానంగా తిప్పితేనే.

ఇప్పుడు అసలు ఘనకార్యం, ఆయిల్.

రెండు మూతల ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుంది. నిజమే, తగ్గుతుంది. ప్లేటు చెవికీ గాడికీ మధ్య ఆయిల్ పొర చేరుతుంది కదా. అందుకే ఈ మెసేజ్‌కి ఇన్ని బొటనవేళ్లు. పోసినవాడు గల్లీ చివరిదాకా వెళ్లొచ్చి "సూపర్ అన్నా, పిన్ డ్రాప్ సైలెన్స్" అని పెడతాడు. బరంపురం దగ్గరి తప్తపాణి ఘాట్ ఎక్కి వచ్చాక ఏం పెడతాడో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

డ్రై ప్లేటు పనిచేసేదే రాపిడి మీద. స్ప్రింగుల బలం, ప్లేట్ల సంఖ్య, వాటి పూత అన్నీ పొడి రాపిడిని లెక్కేసుకుని పెట్టినవి. దాని మీద ఆయిల్ పడితే ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు తెలియదు. దిగపహండి దాటి ఎత్తు మొదలయ్యాక, వెనక మనిషి కూర్చుని ఉండగా యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అరిచిన శక్తంతా ప్లేట్ల మధ్య వేడిగా మారుతుంది. స్టీల్ ప్లేట్లు నీలం రంగు తిరుగుతాయి, ఒక్కోటి వంగుతుంది, రాపిడి పూత ఉన్న ఫ్రిక్షన్ ప్లేటు పైభాగం గాజులా నున్నబడుతుంది. ఎదురుగా లారీ దిగుతున్న మలుపులో ఇది జరిగితే ఎలా ఉంటుందో మెసేజ్ రాసినవాడు ఒకసారి ఆలోచించి చూడాలి. ఆలోచించే అలవాటుంటే.

ఆ ఘాట్ ఎక్కే లారీలవీ డ్రై క్లచ్‌లే. క్రాంక్ వెనక సీలు లీకై ప్లేటుకి ఆయిల్ అంటితే లోడుతో ఎత్తు ఎక్కదని ఏ షెడ్డులో కుర్రాడినడిగినా చెబుతాడు. మీ ఇంట్లో ఆక్టివాలో ఉన్నదీ డ్రై క్లచ్చే. దాంట్లో ఎప్పుడైనా ఆయిల్ పోశారా? ఎం20ది ఇంకా తమాషా. దాని ప్రైమరీ చెయిన్ ఆయిల్‌లో తిరుగుతుంది, క్లచ్‌ని మాత్రం గుండ్రటి మూతలో మూసి పొడిగా ఉంచారు. ఆ మూత దగ్గర ఆయిల్ లోపలికి కారి క్లచ్ స్లిప్ అవుతోందని ఆ బండి ఉన్నవాళ్లు తలలు పట్టుకుంటుంటే, ఈయన వచ్చి చేత్తో పోయమంటున్నాడు.

జాసో ఎంఏ సంగతి కూడా. 1998లో జపాన్‌లో పెట్టిన ప్రమాణం అది. ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే క్లచ్ స్లిప్ అవకుండా తగినంత పట్టు ఇచ్చే ఆయిల్‌కి ఎంఏ అని పేరు. క్లచ్ ఆయిల్‌లో లేని స్కూటర్ల కోసం, ఇంకా జారుడుగా ఉండే ఆయిల్‌కి ఎంబీ. అంటే డ్రై క్లచ్‌కి ఆయిల్ తగలదనే ఆ రెండో రకం పెట్టింది. డబ్బా మీది రెండక్షరాలు చదివి, ఆ అక్షరాలు ఏ క్లచ్‌కి రాశారో చదవకుండా వదిలేశాడు మన పండితుడు.

దుమ్ము ఊదించడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు ఆయిల్ తర్వాత ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. పాత ప్లేట్ల పూతలో ఆస్బెస్టాస్ ఉండేది. నలభై, యాభై ఏళ్ల బండిలో ఏ కాలం ప్లేట్లున్నాయో మీకేం తెలుసు? కంప్రెసర్ పెట్టగానే ఆ పొడి షెడ్డంతా లేస్తుంది, మొదట పీల్చేది కింద కూర్చుని స్పానర్లు అందించే పిల్లాడు. దాని జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. తడిగుడ్డతో తుడవండి, గుడ్డ కవర్లో కట్టి పారేయండి, ముఖానికి మంచి మాస్క్ పెట్టుకోండి.

ఐడిల్ పెంచమన్నాడు. ఒప్పుకుంటున్నాను, ఈ ఒక్కటీ సరైన మాట. పెద్ద ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్ ఐడిల్ మరీ తగ్గితే పేలుడుకీ పేలుడుకీ మధ్య కుదుపు పెరిగి ప్లేట్లు ఇంకా గట్టిగా కొట్టుకుంటాయి. కార్బురేటర్లు రెండూ సమానంగా సింక్ చేసి, కంపెనీ చెప్పినంత ఐడిల్ పెడితే మోత కొంత తగ్గుతుంది, బాస్కెట్ అరుగుదలా తగ్గుతుంది. మెసేజ్ మొత్తానికి ఇదొక్క వాక్యమే పెట్టి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ని.

కంపెనీలు వదిలేశాయన్నదానికి: డుకాటీ 2012లో పానిగేల్ 1199కి తడి క్లచ్ పెట్టింది, 2019లో పానిగేల్ వీ4 ఆర్‌కి మళ్లీ డ్రై క్లచ్చే పెట్టింది. చాలు.

ఇప్పటికే పోసేసినవాళ్లు ఘాట్ వైపు వెళ్లకండి. ప్లేట్లన్నీ బయటకి తియ్యండి. స్టీల్ ప్లేట్లు బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఒక్కొక్కటీ అద్దం మీద పెట్టి వంకర చూడండి, నీలం తిరిగినవి పక్కన పెట్టెయ్యండి. ఆయిల్ పీల్చిన ఫ్రిక్షన్ ప్లేట్లు పెట్రోల్‌తో కడిగితే పైకి ఆరినట్టే కనిపిస్తాయి గానీ వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ బయటికొస్తుంది, అవి మార్చాల్సిందే. కొత్తవి వేసేముందు పుష్ రాడ్ (క్లచ్‌ని తెరిచే కడ్డీ) సీలు, డుకాటీ అయితే దాన్ని నెట్టే స్లేవ్ సిలిండర్ కూడా చూడండి. మీరు పోసిన ఆయిల్‌తో పాటు అక్కడ ముందునుంచీ ఇంకేదైనా కారుతోందేమో తేల్చుకున్నాకే మూత బిగించండి.