గేములు ఆడితే ఉద్యోగం వస్తుందట!

ఈ నెలలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ నాలుగుసార్లు తిరిగింది. సారాంశం ఇది: "మీ పిల్లాడు రోజంతా గేములు ఆడుతున్నాడా? తిట్టకండి, గేమ్ ఇండస్ట్రీకి కావలసింది వాళ్లే. కోడింగ్ రావాలి, ఆరు నెలల కోర్సు చేయాలి, బెంగళూరుకు మారాలి. ఉద్యోగం గ్యారంటీ, లేఆఫ్‌ల భయం లేదు." తిరుపతిలో ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు దాన్ని నాకు పంపి, "చూడు మామా, నేను చెప్తే ఎవరూ వినరు కదా" అన్నాడు. కొన్నేళ్లుగా గేములు తయారుచేసే పనిలోనే ఉన్నాను కాబట్టి జవాబు చెప్పక తప్పలేదు.

ముందు ఆ ఆడటం సంగతి. మావాడే యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, దీన్నే గేమ్ ఇంజిన్ అంటారు) ఒక చిన్న ఆట మొదలుపెట్టాడు. అలిపిరి మెట్లు ఎక్కుతూ, పైనుంచి రాలే రూపాయి బిళ్ళలు ఏరుకోవాలి. బిళ్ళలు కొన్ని మెట్టు మీద ఆగుతున్నాయి, కొన్ని మెట్టులోంచి దూరి మాయమైపోతున్నాయి. రెండు రోజులు తల పట్టుకున్నాడు. కారణం ఏమిటంటే, యూనిటీ మామూలుగా సెకనుకు 50 సార్లే వస్తువులు ఎక్కడున్నాయో లెక్క చూస్తుంది. బిళ్ళ సెకనుకు 10 మీటర్ల వేగంతో పడుతుంటే, ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు దిగిపోతుంది. వాడు పెట్టిన మెట్టు పలక మందం 10 సెంటీమీటర్లే. ఒక లెక్కలో బిళ్ళ పలకకు పైన ఉంది, తర్వాతి లెక్కలో కింద ఉంది. తగిలినట్టు ఇంజిన్‌కు తెలియనే లేదు! బిళ్ళకు ఒక సెట్టింగ్ మారిస్తే సరిపోయింది. పదేళ్లు గేములు ఆడినా ఇది తెలియదు. టెస్టర్ ఉద్యోగం కూడా సరదాగా ఆడటం కాదు. ఒకే మెట్టు మీద వందసార్లు దూకి, ఎన్నోసారి, ఏ వేగంతో, ఏ ఫోన్‌లో తప్పు వచ్చిందో రాసివ్వాలి.

ఇక కోర్సు. నేనూ ఒకప్పుడు అలాంటిదానికే 60 వేలు కట్టాను. క్లాసులో ఇరవై మందిమీ కంప్యూటర్‌లో ఒకే చెక్కపీపా బొమ్మ తయారుచేశాం. ఇంటర్వ్యూలో నా పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) తెరిచినాయన, "ఈ పీపా ఈ వారంలో మూడోది" అని నవ్వారు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్, యూనిటీ లాంటిదే అయిన గోడో పూర్తిగా ఉచితం. అన్‌రియల్ అనే ఇంకో ఇంజిన్‌తో చేసిన గేమ్ 10 లక్షల డాలర్లు దాటి సంపాదిస్తే గానీ 5 శాతం రాయల్టీ అడగరు. నేర్పేవాళ్లకు ఫీజు ఇవ్వొద్దనను, గ్యారంటీ అనే మాటకు మాత్రం ఇవ్వకండి.

లేఆఫ్‌ల భయం లేదట. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి నెల సోనీ ప్లేస్టేషన్ దాదాపు 900 మందిని. కొత్తగా వచ్చే పిల్లలు అనుభవమున్న వాళ్లతోనే పోటీ పడాల్సి వస్తోంది. పైగా ఆ మెసేజ్ కింద పేకముక్కల బొమ్మ ఒకటి. ఆన్‌లైన్ రమ్మీని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. ఆ వ్యాపారం వేరు, గేములు తయారుచేయడం వేరు.

కోడింగ్ రాకపోతే దారే లేదన్నది ఇంకా అన్యాయం. గేములో ఒక మండపం కట్టాలంటే స్తంభం కొలతలు తెలిసిన చెయ్యి కావాలి. తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలలో పిల్లలు నేర్చుకునేది అదే కదా. శ్రీకాళహస్తిలో కలం పట్టి గీత గీసేవాళ్లకు బ్లెండర్ నేర్పడం, నాలాంటి వాడికి బొమ్మ నేర్పడం కంటే చాలా తేలిక.

బెంగళూరు మాట సగం నిజం. పెద్ద గేమ్ కంపెనీల్లో రాక్‌స్టార్ స్టూడియో అక్కడే ఉంది, యూబీసాఫ్ట్ పుణెలో ఉంది. పెద్ద కంపెనీలో చేరాలంటే కదలాలి. కానీ మొదటి గేము చేయడానికి బస్సెక్కక్కర్లేదు. చేసిన గేమును జనానికి అందించాలంటే గూగుల్ ప్లేలో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో ఒక్కో గేముకు 100 డాలర్లు. ఇచ్ డాట్ ఐఓ అనే సైట్‌లో అదీ లేదు. జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ (కొద్ది రోజుల్లోనే ఒక గేమ్ తయారుచేసే కార్యక్రమం) జరుగుతుంది, కొత్తవాళ్లూ పాల్గొనొచ్చు.

మావాడు అలిపిరి దారిలోని 3,550 మెట్లూ పెడతానని పట్టుబట్టాడు. యాభైకి తగ్గించి, ముందు పూర్తిచెయ్యి అన్నాను. రెండు రోజులు అలిగాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "మామా, నలభై రెండో మెట్టు దగ్గర మళ్లీ బిళ్ళ పోతాంది" అన్నాడు.