కొండను తవ్వారు, మౌస్ దొరికింది

2025 జనవరి 16న జపాన్ వీడియో గేముల కంపెనీ నింటెండో వాళ్లు రెండు నిమిషాల పైచిలుకు వీడియో ఒకటి వదిలారు. కొత్త కన్సోల్ (ఆటలాడే యంత్రం) పేరు స్విచ్ 2 అని చెప్పారు, అటూ ఇటూ తిప్పి చూపించారు, వెళ్లిపోయారు. ఆ వీడియోలో ఒక బటన్ ఉంది. కన్సోల్‌కి అటూ ఇటూ తగిలించే రెండు కంట్రోలర్లని జాయ్‌కాన్‌లు అంటారు. ఆ బటన్ కుడిచేతి జాయ్‌కాన్ మీద, హోమ్ బటన్‌కి కింద, చదరంగా. దాని మీద అక్షరం లేదు, గుర్తు లేదు, కనీసం చుక్కయినా లేదు.

అది దేనికో ఏప్రిల్ 2 దాకా చెప్పలేదు. మధ్యలో 76 రోజులు. ఆ 76 రోజుల్లో ఆ బటన్ మీద జరిగినంత పరిశోధన సింధు లిపి మీద జరిగి ఉంటే, ఈపాటికి హరప్పా వాళ్ల చేబదులు పద్దులు కూడా చదివేసి ఉండేవాళ్లం. ఇందులో నేను స్వయంగా ఎన్ని గంటలు తగలేశాను అన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఈ గొడవ తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. హైబ్రిడ్ కన్సోల్ అంటే డాక్‌లో, అంటే టీవీకి తగిలించిన పీఠంలో, పెడితే టీవీలో ఆట, పీకి చేతిలోకి తీసుకుంటే మంచం మీద ఆట. రెండు పడవల మీద కాళ్లు పెట్టి కూడా మునగకుండా ఒడ్డు చేరిన వస్తువు. మొదటి స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. 6.2 అంగుళాల తెర, 720పి, లోపల ఎన్విడియా టెగ్రా ఎక్స్1 చిప్. ఆ చిప్ 2015 నాటిది కాబట్టి పిల్ల పుట్టేసరికే దానికి రెండేళ్లు. అందుకే పురుడు పోసిన మర్నాడే "రెండోది ఎప్పుడు?" అని అడగడం మొదలైంది. ఎనిమిదేళ్లు అడిగారు. ఆ ఎదురుచూపే చివరికి ఒక ఆట అయిపోయింది. దానికి చార్జింగ్ కూడా అక్కర్లేదు.

మధ్యలో 'స్విచ్ ప్రో' అనే ఎండమావి ఒకటి నడిచింది. 4కే వస్తుందన్నారు, కొత్త చిప్ అన్నారు. 2021 జూలై 6న నిజంగానే కొత్త మోడల్ ప్రకటించారు. తీరా చూస్తే అదే చిప్, 4కే జాడే లేదు. ఓఎల్ఈడీ తెర బాగుంది, ఒప్పుకుంటాను. దాంతోపాటు వెనక వెడల్పాటి స్టాండు ఇచ్చారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి నీరసించినవాళ్లకి ఆసరాగా ఉంటుందని కాబోలు.

ఈ ఎదురుచూపుల మీద ఒక వర్గం పచ్చగా బతుకుతోంది. వాళ్లని లీకు పండితులు అందాం. లీకు పండితుడికి ఎప్పుడూ ఎవరో ఒకరు 'లోపలివాళ్లు' చెబుతుంటారు. చెప్పింది జరిగితే "నేను ముందే చెప్పాను." జరక్కపోతే "ప్లాన్ మారింది." పెళ్లిళ్లకి ముహూర్తాలు పెట్టేవాడు కూడా ఇంత నిశ్చింతగా బతకలేడు. పెళ్లి చెడితే ఆయన గుమ్మం ముందుకి వచ్చి అడిగేవాళ్లు ఉంటారు. 2024 మే 7న కంపెనీ అధ్యక్షుడు శుంటారో ఫురుకావా, స్విచ్ తర్వాతి కన్సోల్ గురించి ఈ ఆర్థిక సంవత్సరంలోపు ప్రకటిస్తామని ముక్తసరిగా రాశారు. అంటే 2025 మార్చి 31 లోపు. ఇది తెలుసుకోవడానికి క్యాలెండరు చాలు. అయినా ఆ ముక్క మీద పుట్టుకొచ్చిన భాష్యాలు, ఆ భాష్యాల మీద వ్యాఖ్యానాలు, ఆ వ్యాఖ్యానాల మీద మూడు గంటల వీడియోలు ఇన్నీ అన్నీ కావు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే పేరు పెట్టినవాడి గురించి అన్నారు. 2025 జనవరి మొదట్లో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకి యాక్సెసరీలు అమ్మే కంపెనీ ఒకటి ఏకంగా సోమలింగం బొమ్మనే చేయించి పట్టుకొచ్చింది. అప్పటికింకా ఎవరూ ప్రకటించని కన్సోల్ నమూనా! తెర వెలగదు, ఆట ఆడదు. దాన్ని జనం పెళ్లికూతురిలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశారు. పాత స్విచ్ పక్కన పెట్టి ఎత్తు చూశారు. తీరా అసలుది వచ్చాక సోమలింగం అచ్చం ఆ బొమ్మలాగే ఉన్నాడనుకోండి. అది నా వాదనకి అడ్డం కాబట్టి ముందుకి సాగుదాం.

మళ్లీ బటన్ దగ్గరికి వద్దాం. ఆ 76 రోజులూ నా కళ్ల ముందు ఒక సభ నడిచింది. నైమిశారణ్యంలో శౌనకాది మహామునులు కూర్చున్నట్టు పొడుగాటి బల్ల చుట్టూ పదిమంది పండితులు. మధ్యలో ఆ బటన్ ఫొటో, నాలుగు వందల రెట్లు పెద్దది చేసింది. అంత పెద్దది చేస్తే అందులో బటన్ ఉండదు, నాలుగు బూడిదరంగు గళ్లు ఉంటాయి. ఆ గళ్లకేసి పదిమందీ భక్తిగా చూస్తున్నారు.

మొదటాయన స్కేలు పెట్టి కొలిచి, "అంచు కొంచెం గుండ్రంగా ఉంది" అన్నాడు. సభలో కలకలం. రెండో ఆయన అది గుండ్రం కాదని, వీడియో కంప్రెషన్‌లో వచ్చిన మసక అని అన్నాడు. మాటా మాటా పెరిగింది. మూడో ఆయన లెక్కన అది వేలిముద్ర చదివే బటన్. నాలుగో ఆయన లెక్కన టీవీకి బొమ్మ పంపే బటన్. ఐదో ఆయన అసలది బటనే కాదు, సెన్సార్ అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. ఆరో ఆయన పాత పేటెంట్లు బస్తాడు మోసుకొచ్చాడు. వాటిలో ఒకదాంట్లో, దేనికి సంబంధించిందో తెలియదు గానీ, చదరపు గీత ఒకటి ఉంది. ఏడో ఆయన బావమరిది ఒకసారి ఫ్యాక్టరీ పక్కన బండి ఆపుకున్నాడట. అక్కడ ఒక మాట చెవిన పడిందట. ఆ మాటేమిటో బయటపెట్టే స్వేచ్ఛ లేదట. ఎనిమిదో ఆయన ఏమీ మాట్లాడడు, అన్నీ తెలిసినట్టు మెల్లగా తల ఊపుతుంటాడు. సభలో అందరికంటే ఎక్కువ గౌరవం ఆయనకే.

"ఇంతకీ అక్షరం ఎందుకు లేదు?" అని ఎవరో అడిగారు. తొమ్మిదో ఆయన వేదాంతి. "అక్షరం లేకపోవడమే అక్షరం" అన్నాడు. చప్పట్లు ఆగడానికి మూడు నిమిషాలు పట్టింది.

అప్పుడు మూల నిలబడ్డ కుర్రాడొకడు, "కొనుక్కున్నాక నొక్కితే తెలుస్తుంది కదండీ" అన్నాడు. వాణ్ణి వెంటనే బయటికి పంపించేశారు.

పదో ఆయన మొదటి నుంచీ ఇదంతా రికార్డు చేస్తున్నాడు. రాత్రికి వీడియో పెట్టాలి. దాని పేరు 'బటన్ రహస్యం తేలిపోయింది!' తేలిందేమిటంటే ఇంకా ఏమీ తేలలేదని. ఆ సంగతి పదకొండో నిమిషంలో చెబుతాడు.

ఏప్రిల్ 2న నిజంగానే తేలింది. బటన్ మీద 'సి' అక్షరం ప్రత్యక్షమైంది. అది నొక్కితే గేమ్‌చాట్. అంటే ఆడుతూ స్నేహితులతో మాట్లాడుకోవచ్చు, 12 మంది దాకా. ముఖాలు కనపడాలంటే కెమెరా విడిగా కొనుక్కోవాలి. 2026 మార్చి 31 దాకా ఉచితం, ఆ తర్వాత ఆన్‌లైన్ చందా కట్టినవాళ్లకే. ఆటలో ఉండగానే గుంపుగా మాట్లాడుకునే సదుపాయం మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో 2008 నుంచే ఉంది. 76 రోజులు మౌనవ్రతం పట్టిన బటన్ చివరికి నోరు తెరిచి "మాట్లాడుకోండి" అంది. వెంటనే చందా అడిగింది.

ఇక మౌస్. జనవరి వీడియోలోనే జాయ్‌కాన్‌లు రెండూ పక్కకి నిలబడి నేల మీద జరజరా జారాయి. పండితులు "మౌస్!" అన్నారు. నిజమే అయింది. జాయ్‌కాన్ పీకి, అంచు మీద నిలబెట్టి తోస్తే మౌస్‌లా పనిచేస్తుందట. కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనం ఎగతాళికి అనుకునే మాటని క్యోటోలోని నింటెండో ఇంజనీర్లు ప్రాజెక్టు రిపోర్టుగా తీసుకున్నారు. ఎనిమిదేళ్లు తవ్వారు, శాస్త్రోక్తంగా ఎలుకను పట్టారు. సోఫాలో కూర్చున్నవాడు ఈ మౌస్‌ని ఎక్కడ తోయాలన్నది మీ ధర్మసందేహం. తొడ ఉంది కదా! హైబ్రిడ్ అన్న మాటకి ఇన్నాళ్లకి పూర్తి అర్థం వచ్చింది: సగం కన్సోల్, సగం తొడ.

మిగతావి చకచకా చెప్పేస్తాను. తెర 7.9 అంగుళాలు, 1080పి, సెకనుకి 120 ఫ్రేముల దాకా. డాక్‌లో పెడితే 4కే, ఆ డాక్‌కి సొంత ఫ్యాను. ఇవి బాగున్నాయి. పొగడటం నా పని కాదు కాబట్టి వదిలేస్తున్నాను. 2021లో ఇచ్చిన ఓఎల్ఈడీని వెనక్కి లాక్కుని మళ్లీ ఎల్‌సీడీ పెట్టారు. స్టాండు మాత్రం ఉంచారు, ఇంకా మెరుగుపరిచారు. ఆసరా అవసరం పెరుగుతుందని వాళ్లకి తెలుసు. నిల్వ 32 జీబీ నుంచి 256కి ఎదిగింది గానీ, మన దగ్గరున్న పాత మెమరీ కార్డుల్లో గేములు వేసుకోవడం కుదరదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కొత్తగా కొనాలి. బ్యాటరీ 5,220 ఎంఏహెచ్, రెండు నుంచి ఆరున్నర గంటలు వస్తుందని కంపెనీ మాట. 2017 నాటి దానికి 4,310తోనే రెండున్నర నుంచి ఆరున్నర గంటలు చెప్పారు. ఒళ్లు పెరిగింది, ఓపిక తగ్గింది. ఎనిమిదేళ్లలో నాకూ అదే జరిగింది కాబట్టి దీన్ని తప్పు పట్టను.

తప్పు పట్టాల్సింది స్టిక్కుని.

స్టిక్కు అంటే బొమ్మని నడిపించడానికి బొటనవేలితో అటూ ఇటూ వంచే చిన్న పుల్ల. పాత జాయ్‌కాన్ స్టిక్కు కింద కార్బన్ పూసిన చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద సన్నటి లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. అది ఎక్కడ తాకుతోందో చూసి, స్టిక్కు ఎటు వంగిందో కన్సోల్ లెక్క కడుతుంది. రాసుకుంటే అరుగుతుంది. అరిగితే లెక్క తప్పుతుంది. అప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా తెరమీద బొమ్మ దానంతట అదే ఎడమకి నడిచిపోతుంది. దీనికి డ్రిఫ్ట్ అని పేరు. పేరు వింటే ఏదో కారు విన్యాసంలా ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల వారం కష్టపడి వంతెన చివరిదాకా తెచ్చుకున్న బొమ్మ కళ్లముందే లోయలోకి నడిచి వెళ్లిపోతుంటే, "నేనేం చెయ్యలేదు" అని ఆ పిల్ల ఏడుస్తుంటే, "సరిగ్గా పట్టుకో" అని పెద్దవాళ్లు కసురుకుంటుంటే, ఆ మాట ఎంత అందంగా ఉంటుందో చెప్పండి.

ఇది ఒకరిద్దరి గోడు కాదు. 2019లో అమెరికాలో వినియోగదారులు కోర్టుకెక్కారు. 2020 జూన్‌లో వాటాదారుల సమావేశంలో ఫురుకావా క్షమాపణ చెప్పి, కేసు నడుస్తోంది కాబట్టి అంతకు మించి మాట్లాడనన్నారు. 2021 జనవరిలో ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య దాదాపు 25,000 ఫిర్యాదులు పోగేసి ఐరోపా కమిషన్ తలుపు తట్టింది. ఆ ఏడాదే ఓఎల్ఈడీ మోడల్ వచ్చింది, అదే రకం స్టిక్కుతో.

ఇదేదో పరిష్కారం లేని రోగమా? రాసుకోవడం అన్నదే లేకుండా అయస్కాంతంతో స్టిక్కు ఎటు వంగిందో కనిపెట్టే పద్ధతి ఉంది. హాల్ ఎఫెక్ట్ అంటారు. 1998లో జపాన్‌లో వచ్చిన సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ కంట్రోలర్‌లోనే అది ఉంది! పోయిన శతాబ్దంలో! ఆ కంపెనీ 2001లో కన్సోళ్లు చేయడమే మానేసింది, ఆ కన్సోల్ కూడా పోయింది. పోయినవాడు చేసి చూపించిన పని, బతికున్నవాడు, కోట్ల కన్సోళ్లు అమ్మినవాడు ఎందుకు చెయ్యడు?

ఏప్రిల్‌లో అడిగారు కొందరు, కొత్త స్టిక్కులు హాల్ ఎఫెక్టేనా అని. కాదు గానీ, మొదటి నుంచీ కొత్తగా తయారుచేశామని, చాలా బాగుంటాయని అమెరికా శాఖలో పెద్దమనిషి సెలవిచ్చారు. బాగుండటం ఎవరడిగారయ్యా? పాతవీ మొదటిరోజు బాగానే ఉన్నాయి! అరుగుతుందా అరగదా, అది చెప్పు!

పైగా స్విచ్ 2లో అయస్కాంతం లేకపోలేదు. ఉంది. దిట్టమైనదే ఉంది. జాయ్‌కాన్ కన్సోల్ పక్కకి టప్పుమని అతుక్కోవడానికి పెట్టారు. ప్రచారంలో ఆ టప్పు చప్పుడు కూడా వినిపించారు. జబ్బు మోకాలికి, కట్టు మోచేతికి.

మరి మన మహాసభ ఏం చేసింది? 76 రోజులు, పదిమంది పండితులు, ఒక స్కేలు, ఒక బస్తా పేటెంట్లు. బటన్ అంచు గుండ్రమా కాదా అని కొట్టుకున్నంత గట్టిగా స్టిక్కు గురించి ఒక్కరోజు కొట్టుకుని ఉంటే! అసలు పాడయ్యేదేదో ఎనిమిదేళ్లుగా మన చేతుల్లోనే ఉంది. దాని గురించి పుకారు పుట్టించడానికి ఏముంది, దానికి ఎవరు వీడియో చూస్తారు?

విడుదలకి అమెరికాలో దీనికి పెట్టిన ధర 449.99 డాలర్లు. 2025 జూన్ 5న విడుదల. నేనూ తీసుకుంటాను, దాచడం ఎందుకు. తీసుకుని మొదట సి బటన్ నొక్కుతాను. అవతల స్నేహితులు పదకొండు మంది వచ్చి కూర్చుంటారు. మా బొమ్మ వంతెన మీద నిలబడి ఉంటుంది. నేను రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంటాను, అందరికీ కనపడేలా, కెమెరా విడిగా కొని మరీ. ఆ రోజు అది కదలకపోవచ్చు. అందుకే ఏడాది తర్వాత మళ్లీ పిలుస్తాను. అప్పటికి చందా కూడా కట్టి ఉంటాను.